కొట్టివేత

మా గుంటూరులో ఏజెంటు అంటే చిన్నపిల్లవాడికైనా తెలుసు. మిరపకాయల యార్డులో రైతు తెచ్చిన టిక్కీలను దగ్గరుండి అమ్మించి, కాటా వేయించి, తన కమీషను పట్టుకొని తక్కిన డబ్బు చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఇంకో రకం ఏజెంట్లు వచ్చాయి. వీటికి కాళ్ళూ చేతులూ లేవు. ఏఐ ఏజెంట్లట. మనం నోటితో చెబితే చాలు, ఉత్తరాలకు జవాబులు రాస్తాయి, ఫోనులోని క్యాలెండరులో మన పనులు రాస్తాయి, అక్కర్లేనివి కొట్టేస్తాయి.

ఆ కొట్టెయ్యడం దగ్గరే వచ్చింది చిక్కు.

మా అక్క కొడుకు హైదరాబాదులో ఈ ఏజెంట్లకు పనిముట్లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు, "మావయ్యా, క్యాలెండరులోంచి పనులు తీసేసే పనిముట్టు ఒకటి చేశాను. నీ ఫోనులో పెడతాను. దాని వివరణ ఎలా ఉందో చెప్పు, నువ్వు తెలుగు ఎమ్మేవి గదా" అన్నాడు. ఆ వివరణ మనం చదవడానికి కాదట, ఏజెంటు చదువుకోవడానికట. ఏ పనిముట్టు ఎప్పుడు ఎత్తాలో, ఎలా పట్టుకోవాలో ఆ నాలుగు ముక్కలు చూసే తెలుసుకుంటుందట. మావాడు రాసింది ఒకటే వాక్యం: "క్యాలెండరులోని కార్యక్రమాన్ని తొలగిస్తుంది." వ్యాకరణ దోషం లేదు. బాగుందన్నాను.

మా అమ్మకు షుగరు వల్ల కన్ను దెబ్బతింది. ప్రతి నెలా రెండో శనివారం కంటికి ఇంజెక్షను. ఫిబ్రవరిలో సరిగ్గా ఆ రోజే చీరాలలో దగ్గరివాళ్ళ పెళ్ళి. డాక్టరుగారిని అడిగితే, "ఈ ఒక్క నెలకు ఆగుదాం, మార్చి మాత్రం తప్పొద్దు" అన్నారు. "ఈ శనివారం అమ్మ కంటి డాక్టరు పని తీసెయ్యి" అని ఫోనుకు చెప్పాను. "తీసేశాను" అంది.

మార్చి వచ్చింది. నేను పరీక్షల హడావుడిలో ఉన్నాను. ఫోను గుర్తుచెయ్యలేదు. ఆ నెల మూడో వారంలో ఒకనాడు అమ్మ, "గుమ్మం వంకరగా కనబడుతోందిరా" అంది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"డాక్టరుగారు మళ్ళీ వాయిదా వేశారేమో అనుకున్నాను. నీ ఫోనులో ఉంటుంది గదా."

ఫోను తెరిచాను. ఫిబ్రవరిదే కాదు, ఆ వరుస మొత్తం లేదు. తీసేసినవి 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయట. ఆ గడువూ దాటిపోయింది. డాక్టరుగారు నన్ను అనవలసిన మాటలన్నీ అన్నారు. తరువాత వరుసగా ఇంజెక్షన్లు పడ్డాక చూపు తిరిగి వచ్చిందనే అమ్మ అంటుంది. సూదిలో దారం మాత్రం నన్ను ఎక్కించమంటుంది.

మేనల్లుడు పరుగున వచ్చాడు. నెలనెలా వచ్చే పనికి క్యాలెండరు లోపల వరుస మొత్తానికి ఒక గుర్తు, అందులో ఒక్కొక్క రోజుకు వేరే గుర్తు ఉంటాయట. ఏజెంటు వరుస గుర్తును పట్టుకుంది. రెంటికీ తేడా ఉందని వివరణలో ఎక్కడా లేదు. "కార్యక్రమాన్ని" అన్న ఏకవచనం ఒక రోజుకూ సరిపోతుంది, వరుసకూ సరిపోతుంది. ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్న నాకు అది తట్టలేదు. యార్డులో రైతు "ఆ సరుకు అమ్మెయ్యి" అంటే, ఏజెంటు "ఏ లాటు?" అని అడగడూ?

ఇద్దరం కూర్చుని వివరణ తిరగరాశాం. ముందు వెతికి, పేరూ తేదీ చూపించి, అవుననిపించుకో. మళ్ళీ మళ్ళీ వచ్చే పనైతే, ఈ ఒక్క రోజేనా, మొత్తమా అని అడుగు. దానికి ఇంకెవరినైనా పిలిచి ఉంటే, వాళ్ళకు కబురు పంపాలా వద్దా కనుక్కో. "మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్" అని 2024లో వచ్చిన పద్ధతిలో, ఇది నష్టం చేయగల పనిముట్టు అని ముందే గుర్తు పెట్టవచ్చట. అదీ పెట్టించాను.

ఇంకో విశేషం చెప్పాడు. ఉన్నదాన్ని తీసేస్తే గూగులు క్యాలెండరు ఏజెంటుకు ఖాళీ జవాబు ఇస్తుంది. ఒకసారి తీసేసినదాన్ని మళ్ళీ తీసెయ్యమంటే 410 అంటుంది, అంటే "ఉండేది, పోయింది" అని. అసలు దొరకకపోతే 404. మన తార్కికులు ఉండి పోయినదాని లేమికి ప్రధ్వంసాభావమని ప్రత్యేకంగా పేరు పెట్టారని చెబితే, మావాడు తెల్లబోయాడు.

ఇదంతా వింటున్న అమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. జనవరిలోనే ఆవిడ గోడ క్యాలెండరులో ఏడాది పొడుగునా రెండో శనివారాలకు సున్నాలు చుట్టింది. ఫోను ఉంది గదా అని నేనే ఆ గోడ వంక చూడటం మానేశాను. ఫిబ్రవరి సున్నా మీద అడ్డగీత ఉంది. గీత కింద అంకె కనబడుతూనే ఉంది. మార్చి సున్నా చెక్కుచెదరలేదు.

"నీ ఫోనులో కొట్టేస్తే, కొట్టేసినట్టు కనబడదట్రా?" అంది.

మేనల్లుడు మాట్లాడకుండా కలం తీశాడు. కొత్త వివరణలో ఆఖరి వాక్యం ఆ ప్రశ్నలోంచి వచ్చిందే: "ఏది తీసేశావో, ఏవి మిగిలాయో, రెండూ చెప్పు."