పంటు వచ్చేలోగా భోజనం

మా మామయ్యగారికి రోజుకు మూడు పూటలా ఇన్సులిన్. సూది పడ్డాక పావుగంట, మహా అయితే అరగంటలోపు ఆయన కంచం ముందు కూర్చోవాలి. ఇంట్లో ఉన్నంతకాలం ఇదో లెక్కే కాదు. కుక్కరు మూడో కూత వేయగానే ఆయన చొక్కా ఎత్తి పొట్టకు సూది వేసుకుంటారు, నేను కంచం పెడతాను. కారెక్కి ఊళ్లు తిరగాలంటేనే అసలు తంటా. ఆయనతో ప్రయాణంలో రుచి సంగతి ఆ తర్వాత. ముందు హోటలంటే మందు చీటీలో ఒక భాగం.

2019 ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి బందరు బయల్దేరాం. బందర్లో మామయ్యగారి అక్కయ్య ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. ‘ఓసారి కనపడి పోరా తమ్ముడూ’ అని ఫోన్లో అడిగేసరికి ఈయన మనసు నిలవలేదు. మావారు రైలన్నారు. ‘రైల్లో అయితే నేను రాను. నేను తిరిగిన దారినే తీసుకెళ్లండి. మళ్లీ చూస్తానో లేదో’ అని పట్టుబట్టారు. ముప్ఫై ఏళ్లు ఆయన అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర గుమస్తా. బాకీల వసూలుకి అటు కాకినాడ, ఇటు బందరు ఎన్నిసార్లు తిరిగారో ఆయనకే లెక్క లేదు.

కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, నర్సాపురం, మచిలీపట్నం మీదుగా ఒంగోలు చేరే 216వ నంబరు జాతీయ రహదారి అది. తీరం వెంట పోయే దారి అంటారు గానీ, సముద్రం కనిపిస్తుందని కిటికీకి అతుక్కుని కూర్చుంటే మెడ నొప్పే మిగులుతుంది. కనిపించేవల్లా కొబ్బరి తోటలూ, చేపల చెరువులూ, అడుగడుక్కీ ఎదురొచ్చే గోదావరి పాయలూను. సముద్రం మీద మరీ మోజుంటే మాలాగా ఉప్పాడ వైపు మళ్లి, అక్కణ్నుంచి కాకినాడకు బీచ్ రోడ్డున రావాలి. అక్కడ సముద్రం మరీ దగ్గర. తీరాన్ని కోసుకుంటూ వచ్చి రోడ్డునే కొరుకుతోంది. అడ్డంగా పోసిన బండరాళ్ల మీద కెరటం విరిగి కారు అద్దం మీద చిలికింది. మా అమ్మాయి కేరింతలు కొడితే, మామయ్యగారు మాత్రం వాచీ చూసుకున్నారు. పన్నెండున్నర.

ఆ పూట ఏ ఇబ్బందీ పడలేదు. కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్‌కి వెళ్లాం. ఆయన చేతులు కడుక్కునే చోటే సూది వేసుకుని వచ్చి కూర్చున్నారు. ఆకు పడింది, ఆ వెనకే ఒకటీ ఒకటీ వడ్డన మొదలైంది. సూదికీ ముద్దకీ మధ్య అయిదు నిమిషాలు కూడా లేదు. ఒకటి గమనించాను. షుగరున్న మనిషికి భోజనం హోటలంత సుఖం ఇంకొకటి లేదు. అక్కడ వంట ముందే అయిపోయి మన కోసం ఎదురుచూస్తుంటుంది. కార్డు చూసి చెప్పే హోటల్లో వంట కోసం మనం ఎదురుచూడాలి. ఈ తేడా నాకు ఆ రోజే తెలిసింది, కానీ మర్నాటికి మర్చిపోయాను. దానికి శిక్ష ఆయన అనుభవించారు.

బందరు పెద్దావిడ కోసం కోటయ్య కాజాలు కిలో కొన్నాం. కొరికితే పాకం చుబుకం దాకా కారే గొట్టం కాజాలు. ‘ఒక్కటి’ అన్నట్టు చూశారు మామయ్యగారు. నేను పొట్లం తీసుకెళ్లి డిక్కీలో పెట్టేశాను.

మర్నాడు తెల్లవారుజామునే కాకినాడ వదిలాం. కోరంగి మడ అడవుల మీద ఇంకా మంచు ఉంది. యానాం దాటి గౌతమి మీద వంతెన ఎక్కగానే ఆయన కారు నెమ్మదిగా పోనివ్వమన్నారు. లోక్‌సభ స్పీకర్‌గా ఉండగా 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు ఆ వంతెనకి. దాని మీద కారు నాలుగు నిమిషాల్లో దాటిపోయింది.

‘ఇక్కడ నేను రెండేసి గంటలు కూచున్నా రోజులున్నాయే అమ్మాయ్’ అన్నారు.

‘దేనికి మామయ్యగారూ?’

‘దేనికేంటి, పంటు కోసం. పంటు అవతలి ఒడ్డునుంటే మనం ఇవతల. అంతసేపు ఊరికే కూచోలేం కదా, తినేవాళ్లం. రేవు రేవుకీ పాక హోటళ్లుండేవి. గుమస్తాలూ, పెళ్లివారూ, కోర్టు పక్షులూ అందరం అక్కడే. వంతెన పడ్డాక ఎవరాగుతారు? హోటళ్లన్నీ పోయాయి’.

ఈ దారిలో మూడు పాయలు దాటాలి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడు చోట్లా తిన్న కూరలు ఆయనకి పేరుపేరునా గుర్తున్నాయి. పొద్దున వేసుకున్న మాత్ర గుర్తుండదు గానీ.

అమలాపురం నుంచి పక్కకు మళ్లి అంబాజీపేట వెళ్లి పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని పుల్లలతో బుట్టలుగా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు ఒలుస్తుంటే ఆ వాసనే వేరు. సూది వేసుకున్నారు, తిన్నారు, అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన పనిచేసిన వీధి, కొబ్బరికాయలు లెక్కబెట్టిన కొట్టు, అప్పటి స్నేహితుల్లో మిగిలిన ఇద్దరి ఇళ్లు. ఇవన్నీ అయ్యేసరికి ఒంటిగంట అయింది.

ఇక ఇక్కణ్నుంచి తప్పంతా నాది.

మా అమ్మాయి ఫోన్లో వెతికి ఒక హోటల్ చూపించింది. ‘నాలుగు స్టార్ల పైనే ఉన్నాయమ్మా, ఏసీ కూడా’ అంది. ఊరి పేరు చెప్పను. ముందు లాన్, అద్దాల తలుపులు. గుమ్మం పక్కన ‘పులస లభించును’ అని బోర్డు.

మామయ్యగారు బోర్డు ముందు ఆగిపోయారు. ‘ఫిబ్రవరిలో పులసేంటే? గోదారికి ఎర్రనీళ్లు తగిలాక కదా అది సముద్రంలోంచి ఎదురెక్కేది. శ్రావణ భాద్రపదాలు పోతే దాని మొహం ఎవరికి కనపడుతుంది? ఏడాది పొడుగునా పులస అమ్మేవాడు అన్నం కూడా నిజం అన్నం పెట్టడు’ అన్నారు.

‘మనం పులస తినట్లేదు కదండీ, రండి’ అన్నాను. పేపర్లో రాస్తున్నాను కనుక ఒప్పుకుంటున్నాను, కొంచెం విసుగ్గానే అన్నాను.

ఆర్డరు ఇచ్చాం. ‘పది నిమిషాలు మేడమ్’ అన్నాడు కుర్రాడు. ఆ మాట నమ్మి ‘మామయ్యగారూ, సూది వేసేసుకోండి’ అని చెప్పింది నేనే. ఆయన నా వైపు ఓసారి చూసి, మారు మాట్లాడకుండా వేసుకున్నారు.

పది నిమిషాలు ఇరవై అయ్యాయి. పై అంతస్తులో ఎవరిదో పుట్టినరోజు, వంటవాళ్లంతా అటే. అడిగినప్పుడల్లా ‘వచ్చేస్తోంది మేడమ్’. ముప్ఫై అయిదో నిమిషంలో మామయ్యగారు ‘ఫ్యాను వేయించమ్మా’ అన్నారు. ఆ ఏసీ హాల్లో మేమంతా చేతులు ముడుచుకుని కూర్చున్నాం, ఆయన నుదుటి మీద మాత్రం చెమట ధారలు. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి. మా అమ్మాయి వైపు తిరిగి ‘అక్కయ్యా’ అని పిలిచారు.

నా కాళ్లు చల్లబడిపోయాయి. గ్లూకోజు పొట్లం ఉంది, ఎక్కడుంది? డిక్కీలో, పెద్ద సంచీలో, బట్టల అడుగున. మావారు వంటింట్లోకి పరిగెత్తారు. మా అమ్మాయి ఎప్పుడు వెళ్లిందో ఎప్పుడొచ్చిందో, దాని చేతిలో కాజాల పొట్లం ఉంది. ఆ పాకం తాతగారి నోట్లో పిండింది. ఈలోగా మావారు పంచదార డబ్బాతోనే వచ్చారు. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. మీటరు పెట్టి చూస్తే 54. డెబ్బై లోపలుంటేనే ప్రమాదమని డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో.

పావుగంట గడిచి మళ్లీ చూస్తే 81 వచ్చింది. అప్పుడు కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టి, ‘కాజా బాగుందే’ అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే నెమ్మదిగానే చెప్పారు. ఇలాంటప్పుడు పదిహేను గ్రాముల దాకా పంచదారో గ్లూకోజో నీళ్లలో ఇవ్వాలి. పావుగంట ఆగి పరీక్ష చేయాలి, పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి. కాజాలో నూనె ఉంటుంది కాబట్టి ఆ తీపి ఒంటికి ఆలస్యంగా పడుతుంది, దాని మీద ఆధారపడొద్దన్నారు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గ్లూకోజు చేతిసంచీలో ఉండాలి గానీ డిక్కీలో కాదు. ‘ఇంకోటమ్మా, అన్నం కళ్లపడ్డాకే సూది’ అన్నారు చివర్లో.

మేం ఆర్డరిచ్చిన పదార్థాలు అప్పుడొచ్చాయి. ఎవరికీ తినబుద్ధి కాలేదు. ఆయన మాత్రం నాలుగు ముద్దల పెరుగన్నం తిన్నారు. బిల్లు మాత్రం వెంటనే వచ్చింది.

రాజోలు దాటాక మావారు చించినాడ వంతెన వైపు పోదామన్నారు. మామయ్యగారు వెనక సీట్లోంచి, ‘సఖినేటిపల్లి రేవుకి పోనీరా. అక్కడింకా వంతెన లేదు’ అన్నారు. ఆ మనిషికి అప్పుడు ఎవరు ఎదురు చెప్తారు?

మలికిపురం మీదుగా సఖినేటిపల్లి చేరేసరికి నాలుగు దాటింది. ఎదురుగా వశిష్ఠ, అవతలి ఒడ్డున నర్సాపురం. పంటు అటు వైపు ఉంది. అంతర్వేది తీర్థం అయిపోయి వారమైందేమో, రేవులో పెద్ద జనం లేరు. పది పన్నెండు మోటారు సైకిళ్లు, రెండు కార్లు, గడ్డిమోపుతో ఒకాయన. ఆ పక్కనే రేకుల కప్పు కింద రెండు బల్లలేసిన హోటల్. బోర్డు లేదు. ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

మామయ్యగారు గుమ్మంలో నిలబడి హోటల్ అంతా చూశారు. చేతులు కడుక్కునే చోటు, మంచినీళ్ల బిందె మీద మూత, బోర్లించిన కంచాలు. ఆయన హోటల్‌ని పరీక్షించే పద్ధతి అదే. గిన్నెల్లోకి మాత్రం చూడరు.

‘అన్నం ఉందామ్మా?’

‘అయిపోయిందండి. మధ్యాహ్నందే ఉంటే ఉండేది. ఓ పావుగంట కూచుంటే వేడిగా వండేత్తాను. బొమ్మిడాయిల పులుసుందండి, పొద్దున్నేది’.

‘మరి పంటు వచ్చేస్తే?’ అని నేను అడిగాను.

ఆవిడ నది వైపు చూడను కూడా చూడలేదు. ‘ఆయ్, అది వచ్చేలోపు అన్నం ఉడికిపోద్దండి. దాన్ని బట్టేగా మా పొయ్యి’ అంది.

మామయ్యగారు నా వైపు తిరిగి నవ్వారు. పొద్దున యానాం వంతెన మీద చెప్పింది ఇదే అన్నట్టు.

నేను చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గ్లూకోజు పొట్లం ఇప్పుడు అందులోనే ఉంది. మధ్యాహ్నం సూది పడింది కనుక ఇప్పుడు మళ్లీ వేయొద్దని డాక్టరుగారు ముందే చెప్పారు. అందుకని తినడమే పని. అన్నం వార్చిన గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. పులుసు చిక్కగా, ఎర్రగా ఉంది. నిన్నటి రాత్రి పెట్టి ఉంటే ఇంకా బాగుండేదని మామయ్యగారు ఒక సవరణ చెప్పారు, ఆవిడ ఒప్పుకుంది. మా అమ్మాయి చేపల పులుసంటే మొహం తిప్పుకునే పిల్ల. తాతగారి పక్కన కూర్చుని ముళ్లు తీయించుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

సగం తింటుండగా పంటు ఒడ్డుకు వచ్చింది. దిగేవాళ్లు దిగారు, మోటారు సైకిళ్లు ఎక్కాయి. మావారు లేవబోయారు.

‘కూచోరా. ఇంకోటి వస్తుంది’ అన్నారు మామయ్యగారు, మజ్జిగ పోయించుకుంటూ.

మా ముందే పంటు వెళ్లిపోయింది. అది తిరిగొచ్చేదాకా ఆయన ఒడ్డున ముక్కాలి పీట మీద కూర్చుని, ఆ హోటలావిడతో కొబ్బరి ధరలు మాట్లాడారు. నేను మధ్యలో మీటరు పెట్టి చూశాను, 132. నలుగురికీ కలిపి ఆవిడ అడిగిన డబ్బులు ఏసీ హోటల్లో ఒక ప్లేటు ఖరీదుకి కూడా రాలేదు. మావారు పైన కొంత ఇవ్వబోతే, ‘వద్దండి, వచ్చేటప్పుడు మళ్లీ ఈ దారినే రండి’ అంది.

బందరు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. పెద్దావిడ తమ్ముణ్ని పట్టుకుని కాసేపు ఏడ్చి, ఆ తర్వాత కాజాల పొట్లం విప్పారు. ఆవిడకి చూపు తగ్గింది గానీ చేతులకి లెక్క తగ్గలేదు.

‘ఇదేంటే, కిలో అన్నావు. ఎవరు తిన్నారు?’ అని నన్నడిగారు.

మామయ్యగారు పక్కనే ఉన్నారు. ఏమాత్రం తడుముకోకుండా వేలు నా వైపు చూపించారు.