మూడుసార్లు రాసిన అంకె

మా హాస్టల్ మెస్‌లో కూపన్లు పోయి కార్డులొచ్చాయి. యంత్రం దగ్గర చూపిస్తే చాలు, గీయక్కర్లేదు, గుచ్చక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో లెక్క ఎక్కడుంటదిరా?" అన్నాడు. ఎలక్ట్రానిక్స్ చదివే కొడుకుని. జవాబు రాలేదు. సిగ్గేసింది.

మెస్ కార్డు జోలికి పోలేదు గానీ, తిరిగొచ్చాక మా లెక్చరర్‌గారిని అడిగి, చౌకలో దొరికే రీడరొకటి, ఖాళీ 'మైఫేర్ క్లాసిక్ 1కె' కార్డులు రెండు తెప్పించాను. కార్డులో బ్యాటరీ లేదు. రీడర్ పంపే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాలకి లోపలి తీగచుట్టలో పుట్టే కరెంటే దానికి ప్రాణం. దూరం తీస్తే చిప్ ఆగిపోతుంది, రాసింది మాత్రం చెరగదు.

లోపలి జాగా అచ్చం మా పొలంలా ఉంది. మొత్తం 1024 బైట్లు. ఈ వ్యాసం కూడా పట్టదు! దాన్ని 16 మళ్ళుగా కోశారు. మడికి 4 సాళ్ళు, సాలుకి 16 బైట్లు. మొదటి మడిలో మొదటి సాలు తయారీదారుది. కార్డు నంబరు అక్కడే ఉంటుంది. ప్రతి మడిలోనూ ఆఖరి సాలు తాళాలకి పోతుంది: ఆరేసి బైట్ల తాళంచెవులు రెండు, వాటి మధ్య ఎవరు చదవాలో ఎవరు రాయాలో చెప్పే అనుమతులు. ఇవన్నీ పోను మనకి మిగిలేది 752 బైట్లు.

ఆ అనుమతుల బిట్లను నేరుగా ఒకసారి, తిరగేసి ఒకసారి రాయాలి. రెండూ పొసగకపోతే ఆ మడి ఇక ఎప్పటికీ తెరుచుకోదు. ఓ రాత్రి నిద్రమత్తులో ఒక్క అంకె తప్పు కొట్టాను. నా కార్డులో ఏడో మడి అలా బీడైపోయింది.

డబ్బు లెక్క దాచే సాలు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. అక్కడ ఒకే మొత్తాన్ని మూడుసార్లు రాస్తారు. రెండుసార్లు ఉన్నదున్నట్టు, మధ్యలో ఒకసారి తిరగేసి, అంటే సున్నా ఉన్నచోట ఒకటి, ఒకటి ఉన్నచోట సున్నా. మూడూ కలవకపోతే కూడికా తీసివేతా జరగవు.

నాకు 2019 గుర్తొచ్చింది. ఎరువుల కొట్టులో నాన్న బాకీ 8,000. చీటీ మీద అంకెలే ఉన్నాయి, అక్షరాలా ఎంతో రాయలేదు. కుప్పనూర్చేనాటికి ముందొక ఒకటి చేరి 18,000 అయింది. పంచాయితీలో నాన్న మాటకి సాక్ష్యం లేదు. ఆ ఏడు మా పాడిగేదె సంతకెళ్ళింది. అమ్మ రెండ్రోజులు కొట్టంవైపు పోలేదు.

ఉగాదికి వెళ్ళి ఇదంతా హుషారుగా చెప్పాను. నాన్న విని, "బాగానే ఉంది. మరి తాళంచెవి వాడి దగ్గరే ఉంటే మూడుచోట్లా మార్చడూ?" అన్నాడు.

నిజమే. మూడుసార్లు రాయడం పొరపాటుకి అడ్డు, దొంగకి కాదు. ఈ కార్డు తాళమూ అంత గట్టిది కాదు. దాని గుట్టు ఎంత బలహీనమో 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. ప్రచురించకుండా ఆపమని తయారీ సంస్థ కోర్టుకెక్కినా కోర్టు ఒప్పుకోలేదు. నేను చదివి తెలుసుకున్నదాన్ని నాన్న అరుగుమీద కూర్చుని అనేశాడు.

మొన్న సెలవుల్లో ఆయన బాకీల పుస్తకం తిరగేశాను. కట్టింది అంకెల్లో ఉంది. పక్కన అక్షరాల్లో ఉంది. దాని కింద ఇంకా కట్టవలసింది. కట్టిందీ కట్టవలసిందీ కలిపితే అసలు మొత్తం రావాలట. కార్డులోనూ అంతే, నేరుగా రాసిందీ తిరగేసిందీ కలిపితే అన్నీ ఒకట్లే రావాలి. ఈ సంగతి నేనాయనకి చెప్పనేలేదు. ప్రతి పద్దు కిందా కొట్టువాడి సంతకం. పుస్తకం మాత్రం కొట్లో వదలడు. తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాడు.