ఉల్టా మర

మా బాపు సైకిల్‌ని పాత ఇనుప సామాన్ల వాళ్లకు వేసేద్దామని అవ్వ మూడేళ్ల నుంచి అంటోంది. బాపు అవుననడు, కాదనడు. సింగరేణిలో రిటైరై, బెల్లంపల్లి క్వార్టర్ ఖాళీ చేసి కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు, డీసీఎంలో చివరగా ఎక్కిన సామాను అదే. బెల్లంపల్లి అప్పుడు ఆదిలాబాద్ జిల్లా. 2016లో మంచిర్యాల జిల్లా అయింది. జిల్లా మారింది గానీ సైకిల్ మాత్రం మెట్ల కింద నుంచి కదల్లేదు. పోయిన దసరాకు ఇంటికొచ్చినప్పుడు "దీన్ని నేను బాగుచేస్తా" అన్నాను.

"నువ్వా?" అన్నాడు బాపు.

ఆ ఒక్క మాటే నాతో ఈ పని చేయించింది. నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. ఈ రెంటి మధ్య దూరం గురించి బాపు ఎన్నడూ ఏమీ అనలేదు. కానీ ఇంట్లో మిక్సీ పాడైతే నన్ను కాదని పక్కింటాయన్ని పిలిచేవాడు.

సైకిల్ రోగం తొక్కితే తెలిసిపోతుంది. ప్రతి చుట్టుకూ అడుగున కటకటమంటుంది. పెడల్ కాడలు రెంటినీ కలిపే ఇరుసు ఫ్రేము అడుగున ఒక గొట్టంలో తిరుగుతుంది. అదే బాటమ్ బ్రాకెట్. దుకాణాల్లో బీబీ అంటారు. ఇరుసుకు అటొకటి ఇటొకటి ఉక్కు కప్పులు, ఒక్కో కప్పులో పావు అంగుళం ఇనుప గోలీలు పదకొండు.

ముందు కాడల్ని పట్టి ఉంచే కాటర్ పిన్నులు ఊడాలి. నట్టు మొత్తం తీసేసి కొడితే పిన్ను కొసన మర చెడిపోతుంది. నట్టును పిన్ను కొసకు సమంగా ఉంచి, కాడ కింద ఇనుప పైపు ముక్క ఆనించి, గట్టిగా ఒక్క దెబ్బ వేయాలి. ఇది మొదటి పిన్ను పాడుచేశాక తెలిసింది. రాత్రంతా గాసునూనె పోసి నానబెడితే ఎడమపక్క లాక్ రింగు సుత్తెకు లొంగింది, దాని వెనకే కప్పూ వచ్చింది. లోపల గ్రీజు నల్లగా, గట్టిగా పేరుకుపోయి ఉంది. అందులో బాయి బొగ్గు ఎంతో, రోడ్డు దుమ్ము ఎంతో చెప్పలేను.

చైను వైపున్న కుడి కప్పు మాత్రం రాలేదు. పానా పట్టడానికి దాని అంచున రెండు సన్నటి చదును భాగాలే ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒక పనిముట్టు తెప్పించాను. దానికి లోపల ఇరవై పళ్లున్నాయి. అది ఈ కాలపు సీల్డ్ బ్రాకెట్లకు సరిపోయేది. మా కప్పుకు ఒక్క పన్నూ లేదు. తర్వాత పెద్ద పానా కొన్నాను. అది జారి వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. చివరికి ఉలి, సుత్తె పట్టాను.

ఎటు తిప్పాలో మాత్రం నాకు అనుమానం లేదు. సైకిల్‌కి ఎడమ పెడల్ ఉల్టా మర అని చిన్నప్పటి నుంచీ తెలుసు. అంటే కుడిపక్కవన్నీ మామూలు మరలే. కాబట్టి గడియారం ముల్లుకు ఎదురు తిప్పాలి. రెండు రోజులు అలాగే కొట్టాను.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో ఊడిరాని స్క్రూ మీద చాలా పేజీలున్నాయి. దారి మూసుకుపోయిన ఆ స్థితే అసలైన అవగాహనకు మొదలు అంటాడాయన. ఆ పేజీలను మెచ్చుకుంటూ ఒకప్పుడు నేనో వ్యాసం రాశాను. కణుపులకు పసుపు అద్దుకుని కూర్చున్నప్పుడు అవగాహన ఏమీ రాలేదు. కప్పు మీద కోపం, అరుగు మీద కూర్చుని ఏమీ అనకుండా చూస్తున్న బాపు మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

మూడోరోజు ఫ్రేము ఆటోలో వేసుకుని టవర్ సర్కిల్ దగ్గరి గల్లీలో ఉన్న సైకిల్ దుకాణానికి పోయాను. చాచా కప్పును వేలితో తడిమాడు.

"ఎటు తిప్పుతున్నవ్ బేటా?"

చూపించాను.

"రెండు దినాల సంది దీన్ని బిగిస్తున్నవ్. ఇది ఉల్టా చూడీ."

డబ్బాలో వెతికి లావుపాటి బోల్టు, పెద్ద వాషర్లు, నట్టు తీశాడు. బోల్టును కప్పు నడిమి రంధ్రంలోంచి దూర్చి, రెండువైపులా వాషర్లు వేసి, నట్టు బిగించాడు. ఇక బిగియదు అనేదాకా బిగించి, పానాకు పైపు తొడిగి అదే దిక్కుకు ఇంకా లాగాడు. టక్‌మంది. నట్టు, బోల్టు, కప్పు మూడూ ఒక్కటై కదిలాయి. బోల్టు ఎటు బిగుస్తుందో ఉల్టా మర కప్పు అటే ఊడుతుంది. ఆ పనిముట్టులో ఉన్న కిటుకు అంతే. అమెరికాలో షెల్డన్ బ్రౌన్ (1944–2008) అనే పేరున్న మెకానిక్ కూడా ఇదే ఉపాయం రాసిపెట్టాడని తర్వాత చదివాను. చాచా ఆ పేరు విని ఉండడు.

ఉల్టా ఎందుకంటే, గుప్పిట వదులుగా ముడిచి అందులో పెన్సిల్ పెట్టి, దాన్ని గుప్పిట గోడకు ఆనిస్తూ గుండ్రంగా తిప్పి చూడండి. మీరు తిప్పే దిక్కుకు ఎదురుగా పెన్సిల్ తన చుట్టూ తాను తిరుగుతుంది. పెడల్ ఇరుసు కాడలో ఇలాగే మెల్లగా జరుగుతుంది, అందుకే ఎడమ పెడల్‌కు ఉల్టా మర. బీబీలో ఇరుసుకూ కప్పుకూ నడుమ గోలీలున్నాయి. అవి ఆ దిక్కును మళ్లీ తిరగేస్తాయి, కాబట్టి అక్కడ ఉల్టా కావలసింది కుడిపక్క. రెండుపక్కలా మామూలు మరే పెట్టిన ఇటలీ పద్ధతికి కుడి కప్పు వదులవుతుందని పేరుంది. మనది ఇంగ్లిష్ పద్ధతి. 1861లో తుపాకుల కోసం పుట్టిన బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ పేరుతో దీన్ని ఇప్పటికీ బీఎస్ఏ మర అంటారు. వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. 1949లో బ్రిటిష్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పొత్తుతో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలైంది. మన నల్ల సైకిళ్లు ఆ ఇంగ్లిష్ నమూనా సంతానమే. సగం తెలిసినవాడిని కాబట్టే నేను అంత నమ్మకంగా తప్పు చేశాను. ఏమీ తెలియనివాడైతే రెండువైపులా తిప్పి చూసేవాడు.

కొత్త కప్పులు, ఇరుసు, గోలీలు కట్టిస్తూ చాచా పాత కప్పు చేతిలో పెట్టాడు. అంచున మెరుస్తున్న ఉలి గాట్లు నావి. వాటి పక్కన ఇంకో మూడు, తుప్పు పట్టినవి. అన్నీ ఒకే దిక్కుకు.

"నీకంటె ముందుగాల ఎవరో గూడ ఇటే కొట్టిండ్రు" అన్నాడు.

ఇంటికొచ్చి కప్పు బాపు చేతికిచ్చాను. బొటనవేలితో గాట్లు తడిమి, కాసేపాగి, "ఇవి నావే" అన్నాడు. బెల్లంపల్లిలో ఒక ఆదివారం పొద్దంతా కొట్టాడట. ఊడలేదు. తెల్లారి బాయికి నడిచి పోయాడట.

"మరి నేను కొడుతుంటె ఉల్టా అని చెప్పొద్దా?"

"నాకేం ఎరుక? అప్పుడు ఊడలే. మళ్ల అట్లనే పెట్టి రిటైరయ్యేదాక తొక్కిన."

"దుకాణంల అడగకపోయినవా?"

"నువ్వు రెండు దినాలు ఎవ్వరినన్న అడిగినవా?"

నా దగ్గర జవాబు లేదు. కొత్త కప్పుకు గ్రీజు రాసి గొట్టానికి ఆనించాను. బాపు అరుగు దిగొచ్చి పానా అందుకున్నాడు. అలవాటుగా కుడికి తిప్పబోయి ఆగాడు. నా వైపు చూడకుండానే ఎడమకు తిప్పాడు.