యామనపల్లి ఎముకలు, మన తుంటి ఎముక

ఎముక అనగానే మనలో చాలామందికి శ్మశానమో, ఎక్స్‌రే ఫిల్మో గుర్తుకు వస్తుంది. అది ప్రాణమున్న అవయవమని తోచదు. ఈ తేడాను మా అక్కయ్యకు వివరించే సందర్భం హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్లో, డైనోసార్ అస్థిపంజరం ముందు వచ్చింది.

మీరు చూసి ఉండకపోతే ఒకసారి తప్పక చూడండి. దాని పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. ప్రాణహిత–గోదావరి లోయలో కోటా శిలాస్తరాలలో, నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు త్రవ్వి తీశారు. 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి ఆ పేరు పెట్టారు. వయస్సు పదహారు కోట్ల సంవత్సరాల పైమాటే. అక్కడ దొరికిన ఎముకలు ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండింటివి. తల మాత్రం దొరకలేదు. రెండు పళ్ళే మిగిలాయి. ఇప్పుడు మనకు కనిపించే తల ఊహించి చేసినది.

ఈ మాట చెప్పగానే అక్కయ్య నవ్వింది. "దానికి తల పోయి పళ్ళు మిగిలాయి. నాకు పళ్ళు పోయి తల మిగిలింది కదరా తమ్ముడూ!"

ఆమె నవ్వడం నాకు గొప్ప ఊరట. అంతకు మూడు నెలల క్రితం రెడ్డిగూడెంలో, వరిగడ్డిలో మాగవేసిన రసాలు తీయబోయి గడప తట్టుకొని పడింది. అంతే, తుంటి విరిగింది. మెట్ల మీది నుండి కాదు, చెట్టు మీది నుండి కాదు. నిలుచున్న ఎత్తు నుండి. డెబ్బై నాలుగేళ్ళ వయస్సులో విజయవాడలో శస్త్రచికిత్స జరిగింది. మరునాడే వాకరుతో నిలబెట్టారు. ఎముక అతుకుతున్నది గాని భయం అతకలేదు. "మళ్ళీ పడితే?" అంటూ మంచం దిగనని మొండికేసింది. తుంటి విరిగిన వృద్ధులకు ప్రాణాపాయం తెచ్చేది ఎక్కువగా ఆ మంచమే: న్యుమోనియా, కాళ్ళ సిరలలో రక్తం గడ్డలు, పడక పుండ్లు. మనవడు పట్టుబట్టబట్టి మ్యూజియానికి కదిలింది.

డైనోసార్ తొడ ఎముకను చాలాసేపు చూసింది. "ఇంత లావు ఎముక విరగదేమో!" అన్నది.

లావు ఒక్కటే బలం కాదన్నాను. ఆ శిలాజంలో ఖనిజమే ఉన్నది. మన ఎముకలో కొల్లాజెన్ అనే మాంసకృత్తు అల్లిక ఉండి, దాని మీద కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు పేరుకొని ఉంటాయి. లోపల కొన్ని కణాలు పాత ఎముకను తినివేస్తుంటే, మరికొన్ని క్రొత్తది కడుతుంటాయి. ఏడాదికి సుమారు పదోవంతు అస్థిపంజరం ఇలా మారిపోతుంది. ముప్పై ఏళ్ళ తరువాత కట్టడం మందగిస్తుంది. స్త్రీలలో బహిష్టు ఆగిన తరువాత తినివేయడం జోరందుకుంటుంది. నొప్పి ఉండదు, కనుక ఎవరికీ తెలియదు. పురుషులూ దీనికి అతీతులు కారు.

తెలిసే గుర్తు ఒకటున్నది. వయస్సులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్లకు పైగా ఎత్తు తగ్గితే, వీపు గూనిగా వంగుతుంటే, "వయస్సు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. వెన్నుపూసలు చప్పుడు లేకుండా నలిగి ఉండవచ్చు. ఎక్స్‌రే, డెక్సా పరీక్ష చేయించండి. మందులున్నాయి, పనిచేస్తాయి.

ఆహారం సంగతి క్లుప్తంగా చెబుతాను. రోజుకు 1000 నుండి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 ఉంటుంది. పాలు, పెరుగు, నువ్వులు తక్కినది పూరిస్తాయి. ఉప్పు అతిగా తింటే మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోతుంది. ఆవకాయ ఊరివాణ్ణి, ఈ మాట నాకూ రుచించదు! మా వైపు మరొక అపోహ ఉన్నది: తోటలో తిరుగుతున్నాము కనుక ఎండ తగులుతున్నదని. దట్టమైన మామిడి నీడలో డి విటమిన్ తయారు కాదు. చేతులు, ముఖం కాసేపు నేరుగా ఎండలో ఉండాలి.

అక్కయ్య ఇప్పుడు రెడ్డిగూడెంలోనే ఉన్నది. గడప వద్ద పట్టుకోవడానికి కమ్మీ బిగించాము, స్నానాలగదిలో జారని చాప పరిచాము. చేతికర్రతో ఉదయం తోట గట్టు దాకా వెళ్ళి వస్తుంది. వీధి గుమ్మం చెక్క మీద మనవడి ఎత్తు గీతల ప్రక్కనే ఆమెకూ ఒక గీత గీశాము, తేదీ వేసి. వచ్చే ఉగాదికి మళ్ళీ కొలుస్తాము.