చెవిలో రహస్యం

కంటికి జోడు పెట్టుకున్నవాణ్ణి చూసి "చదువుకున్న పెద్దమనిషి" అంటుంది లోకం. చెవికి యంత్రం పెట్టుకున్నవాణ్ణి చూసి మాత్రం "చెవిటిమేళం" అని నవ్వుతుంది. రెండూ వయసుతో వచ్చే లోపాలే. ఒకదానికి గౌరవమెందుకో, రెండోదానికి పరిహాసమెందుకో నాకు బోధపడదు. బోధపడదంటున్నానే గాని, అలా నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి ముందుగా ఒప్పుకుని నా కథ మొదలుపెడతాను.

నేను హైస్కూల్లో చదివే రోజుల్లో, అంటే 1960ల చివర, మాకొక లెక్కల మాస్టారుండేవారు. ఆయన చొక్కా జేబులో ఒక చిన్న పెట్టె, అందులోనుంచి చెవిదాకా ఒక తీగ. మేము ఆయనకు "రేడియో మాస్టారు" అని పేరు పెట్టాము. అంతటితో వూరుకోలేదు. పాఠం అప్పగించమంటే గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రం కదిలించేవాళ్ళం. ఆయన పాపం, యంత్రం చెడిందనుకుని జేబులోని మర తిప్పి తిప్పి చూసుకునేవారు. మేము పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ పాపం వూరికే పోతుందా!

చదువు ముగిశాక చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా చేరాను. ముప్ఫయి రెండేళ్ళు పనిచేశాను. నా బల్లకూ యంత్రాలకూ మధ్య ఒక చెక్క తలుపు మాత్రం అడ్డం. పత్తి సీజనులో ఆ హోరు మధ్యనే పద్దులు రాశాను. రాత్రి ఇంటికి వచ్చి పడుకుంటే చెవిలో కీచురాయి అరిచినట్టుండేది. అలవాటైపోయింది. అలవాటైందంటే పోయిందని అర్థం కాదని అప్పుడు తెలియలేదు.

ఉద్యోగం మానేసి గుంటూరులో మా అబ్బాయి దగ్గర కాపురం పెట్టిన తర్వాత నాకొక సత్యం తోచింది. ఈ కాలంవాళ్ళకు స్పష్టంగా మాట్లాడటం చేతగాదు! కోడలు నోట్లో నోట్లో గొణుగుతుంది. మనవడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాడు. మా ఆవిడ వంటింట్లోనుంచి ఏదో అంటుంది; నేను "ఆఁ" అంటాను. టీవీ గట్టిగా పెట్టుకుంటాను. లోపం లోకానిదని నాలుగైదేళ్ళు నిశ్చింతగా వున్నాను.

రెండేళ్ళ క్రిందట, మార్చి నెలలో, మా తమ్ముడు నలభై టిక్కీల మిరపకాయలు యార్డుకు తెచ్చాడు. ఇంచుమించు పద్దెనిమిది క్వింటాళ్ళు. గుంటూరు మిర్చి యార్డు మీలో చాలామంది చూసే వుంటారు. ఎటు చూసినా ఎర్రటి బస్తాలు, తుమ్ములు, హమాలీల కేకలు, లారీల మోతలు. "అన్నయ్యా, లెక్క తెలిసినవాడివి, నువ్విక్కడ వుండు" అని తమ్ముడు లారీ కిరాయి మాట్లాడటానికి వెళ్ళాడు. ఇంతలో వ్యాపారి వచ్చి కాయ విరిచి చూశాడు. ఘాటు తగలకుండా ముక్కుకూ నోటికీ తుండుగుడ్డ చుట్టుకుని వున్నాడు. ధర చెప్పాడు. పదిహేడు వేలని నాకు వినపడింది. సరేనని తల వూపాను.

కాటా అయి చీటీ చేతికి వచ్చాక చూస్తే పదిహేను వేలు! "మీరు సరేనన్నారు గదండీ" అన్నాడాయన. అబద్ధమేమీ లేదు, అన్నాను. క్వింటాలుకు రెండు వేల చొప్పున ముప్ఫయి ఆరు వేలు పోయాయని నేను నోటిలెక్కగా తేల్చేసరికి తమ్ముడు వచ్చాడు. చీటీ చూశాడు, నా ముఖం చూశాడు. "పోనీలే అన్నయ్యా, రేపు ఇంకా తగ్గేదేమో" అన్నాడు. ఏడాదంతా పురుగుతోనూ బొబ్బర తెగులుతోనూ వేగినవాడు అన్న మాట అది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా, నాకు వినపడేలా అంది: "మీకు వినపడటం లేదని మీ తమ్ముడికి ఎప్పుడో తెలుసు. నొచ్చుకుంటారని ఎవరమూ అనలేదు." అంటే వూరందరికీ తెలిసిన రహస్యం నాకొక్కడికే తెలియదన్నమాట!

కొత్తపేటలో డాక్టర్లకు కొదవేముంది? చెవి డాక్టరు ముందు గులిమి తీసి, కర్ణభేరి చూసి, "చెవిలో గోరువెచ్చని నూనె పోసే అలవాటుంటే మానండి" అని ఒక చురక అంటించి, పరీక్షకు పంపారు. గాజు తలుపుల చిన్న గదిలో కూర్చోబెట్టి, సన్నని కూతలు వినిపించి, వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఫలితం గీతలుగా వచ్చింది. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలం ఇంటూ గుర్తులు. రెండూ చెరువు గట్టు దిగిన బాటలా కుడివైపుకు జారిపోయాయి.

యంత్రాలు అమర్చే అమ్మాయి ఆ గీతలకు అర్థం చెప్పింది. లోచెవిలో నత్తగుల్లవంటి భాగముంది. అందులో సుమారు 15 వేల సన్నని రోమకణాలుంటాయి. పెద్ద మోత వాటిని చంపుతుంది, వయసూ చంపుతుంది. మనుషులకు అవి మళ్ళీ మొలవవు. సాధారణంగా ముందు పోయేవి సన్నని కీచుస్వరాలు పట్టేవి. అందుచేత అచ్చులు వినపడతాయి గాని హల్లులు జారిపోతాయి. మాట వినపడుతుంది, ఏ మాటో తెలియదు. "పదిహేనుకూ పదిహేడుకూ తేడా చివరి హల్లు ఒక్కటే గదా! ఇన్నాళ్ళూ మీకు తెలియకుండానే పెదవులు చూసి గ్రహిస్తున్నారు. ఆ రోజు పెదవులకు గుడ్డ అడ్డమొచ్చింది" అంది. నాకు మా మాస్టారు గుర్తుకొచ్చి నోట మాట రాలేదు.

తేరుకుని నా షరతు చెప్పాను: "యంత్రం ఎవరికీ కనపడకూడదమ్మా."

"కనపడకూడదు సరే, బాబాయిగారూ, ఎవరి మాట వినపడాలో ముందు అది చెప్పండి" అంది.

అప్పుడు బల్లమీద మూడు రకాలు పెట్టింది. మొదటిది చెవి వెనుక తగిలించేది. బలమైనది, రెండు మైకులుండటంచేత రద్దీలో ఎదుటివారి మాటను కొంత విడదీసి పట్టగలదు. రెండోది చెవి కాలవలో ఇమిడిపోయేది. కందిగింజంత బ్యాటరీ, వారం తిరక్కుండానే మార్చుకోవాలి. మూడోది అలాంటిదే గాని రాత్రిపూట పెట్టెలో పెట్టి ఛార్జి చేసుకునేది.

ఒకప్పుడు మా మాస్టారి జేబు నిండిన యంత్రం ఇంత చిన్నదెలా అయిందని ఆశ్చర్యపోయాను. 1947లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ట్రాన్సిస్టరు కనిపెట్టారు. దాన్ని మొట్టమొదట జనం చేతికి అందించిన వస్తువులలో వినికిడి యంత్రం ఒకటి. 1952 చివర, ట్రాన్సిస్టరు రేడియోకంటె ముందే అది అంగడికి వచ్చింది. మేము రేడియో మాస్టారని వెక్కిరించిన పెద్దమనిషి నిజానికి రేడియోకంటె కొత్త విద్యను జేబులో పెట్టుకు తిరిగారేమో!

చెవి వెనుక యంత్రం పెట్టి చూసుకున్నాను. బాగానే వినపడింది. అద్దంలో చూసుకుంటే మాస్టారు కనపడ్డారు. తీసేశాను. డెబ్బయ్యేళ్ళు వచ్చినా అహం చావలేదు. కాని నా చెవికి కాలవలోని యంత్రం పనికివస్తుందా అన్నది అహం తేల్చే విషయం కాదు. లోపం మరీ ఎక్కువైనా, చెవి చీము కారుతున్నా, కాలవ మరీ ఇరుకైనా అది కుదరదట. నాది మధ్యరకం లోపం, కుదిరింది. చేతివేళ్ళు వణుకుతాయి, ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతారు. బిళ్ళ బ్యాటరీ పిల్లలు మింగితే ప్రాణాపాయం. అందుకని ఛార్జి చేసేదే ఖాయం చేశాను. ధర మాత్రం రెండో మాట అడగకుండా స్పష్టంగా వినపడింది! ఒక జత గాజుల ఖరీదు.

ఆ అమ్మాయి దాచకుండా చెప్పిన చిక్కులు కూడా మీకు చెప్పడం న్యాయం. లోపలి బ్యాటరీ కొన్నేళ్ళకు నీరసిస్తుంది. మనం మార్చుకోలేము, కంపెనీకి పంపాలి. గులిమి అడ్డుపడితే మూగబోతుంది. చివరనుండే చిన్న జల్లెడ మారుస్తూండాలి. స్నానానికి ముందు తీయాలి. చెమ్మ పడదు, మిరప దుమ్ము అసలే పడదు. మన గొంతు మనకే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టు వినపడుతుంది. మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. డబ్బు కట్టేముందు కొన్నాళ్ళు వాడి చూసే గడువు అడగాలి. ఏ పరీక్షా లేకుండా చవకగా అమ్మేవి అన్ని చప్పుళ్ళనూ ఒకేలా పెంచుతాయి గనుక వాటి జోలికి పోకూడదు. స్తోమత లేనివారికి కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకముంది. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రముంది. ఆలస్యం కూడదనటానికి ఇంకొక కారణం కూడా వుంది. నడివయసు వినికిడి లోపాన్ని అశ్రద్ధ చేస్తే మతిమరపు జబ్బు ముప్పు పెరుగుతుందని లాన్సెట్ వైద్యపత్రిక నిపుణుల సంఘం 2017 నుంచీ హెచ్చరిస్తోంది.

యంత్రం పెట్టుకుని ఇంటికి వచ్చిన సాయంత్రం ఫ్యాను తుపానులా వినపడింది. వార్తాపత్రిక మడిస్తే టపాకాయలు పేలినట్టుంది. తిరగమోతలో ఆవాల చిటపటలు విని ఎన్నేళ్ళయిందో! కాని నన్ను కలతపెట్టినది వేరొకటి. మా ఆవిడ నాతో "అన్నం", "మందు", "తలుపు" అని ఒక్కొక్క మాటే మాట్లాడుతోంది. పూర్వం ఒక కబురు మొదలుపెడితే నాలుగు వీధులు తిరిగి వచ్చే మనిషి! అరిచి అరిచి అలసిపోయి, మాటలను ఎప్పుడు కుదించుకుందో నేను గమనించనే లేదు. తమ్ముడి ముప్ఫయి ఆరు వేలు తర్వాత సర్దాను. ఆ మాటలు ఎలా సర్దను?

మరుసటేడు తమ్ముడితో మళ్ళీ యార్డుకు వెళ్ళాను. ఆ గోలలో నా చిన్న యంత్రం కొంత తడబడింది. చెవి వెనుకది అయితే నయమేనని ఆ అమ్మాయి ముందే చెప్పింది. వ్యాపారి గుడ్డ చుట్టుకునే ధర చెప్పాడు. నేను సిగ్గుపడలేదు. "నాకు వినికిడి తక్కువండీ. కాస్త గుడ్డ తీసి చెప్పండి" అన్నాను. ఆయన నవ్వలేదు సరికదా, గుడ్డ తీసి, వేళ్ళతో కూడా చూపించాడు. యంత్రాన్ని దాచుకుంటే దాచుకోవచ్చు, చెవుడును దాచుకోకూడదని అక్కడ తెలిసింది. ఆ ఒక్క మాట ముందే అని వుంటే ముప్ఫయి ఆరు వేలు మిగిలేవి.

మొన్న మా ఆవిడ, కోడలు ఏదో గుసగుసలాడుతూ నన్ను చూసి వంటింట్లోకి తప్పుకున్నారు. "ఎందుకా దొంగచూపులు?" అన్నాను.

"ఏం చెప్పమంటారు! ఇదివరకైతే మీ గురించి మీ ఎదుటే మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు లోపలికి వెళ్ళాల్సివస్తోంది" అంది.

ఎంత పొడుగు వాక్యమో! మళ్ళీ ఒకసారి చెప్పించుకుని విన్నాను.