గురుభక్తుల కొండపై పాండా

మేము నెల్లిమర్లకు వచ్చి తొమ్మిదేండ్లైనను, రామతీర్థమున స్వామిదర్శనము చేసికొని మరలివచ్చుటయే గాని గురుభక్తుల కొండ నెక్కి యెఱుగము. ఈ సంక్రాంతి సెలవులలో మా ఆడుబిడ్డగారి కుమారుడు తెచ్చిన యొక వింత వేడుక మమ్ము నా కొండ యెక్కించినది.

దాని పేరు జియోకాషింగు. ఒకరు ఆరుబయట నొక డబ్బాను దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశములను మాత్రము తెలుపుదురు. తక్కినవారు చేతిఫోను సాయమున వెదకి, దొరకినచో లోని చిన్నపుస్తకమున పేరు వ్రాసి, డబ్బాను మరల యథాస్థానమున నుంచవలెను. ఉపగ్రహ సంకేతములలో అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగా కలిపిన తప్పును 2000 మే మాసారంభమున తొలగింపగా, ఆ నెల 3వ తేదీననే డేవ్ అల్మరు అనునాతడు ఆరెగాను రాష్ట్రపు అడవిలో మొదటిదానిని దాచెను.

మావాడు వేకువనే పోయి దాచివచ్చిన డబ్బాలో పాండా బొమ్మ యున్నదని విని మా అత్తగారు, "పండాయా? పూరీనుండి యెప్పుడు వచ్చినాడు? భోజనమునకు పిలువరైతిరేమి?" అనిరి. అది చీనాదేశపు కొండలలో వెదురు తిని బ్రదుకు నలుపు తెలుపుల యెలుగుబంటి యని పిల్లలు నవ్వుచు చెప్పిరి. వారు నవ్వలేదు. పదునొకండేండ్ల ఆడుపిల్ల కొండలెక్కుట యేల యనిరి. వారి మాట కాదనలేకయు, పిల్ల ముఖము చూడలేకయు, మేమే వెంట పోయెదమని బయలుదేఱితిమి.

కొండ మీది దృశ్యమును ఏమని చెప్పుదుము! ఏటవాలు బండ పొడుగునను బౌద్ధభిక్షువుల విహారముల యిటుక గోడలు మొండివై నిలిచియున్నవి. 1910-11 ప్రాంతమున అలెగ్జాండరు రీ వీనిని త్రవ్వించెను. ఆ యిటుకలు మన యిండ్ల యిటుకలకంటె మిక్కిలి పెద్దవి. క్రింద పచ్చని పొలములు, చెఱువులు. వర్షావాసమున భిక్షువు లిచ్చట కూర్చుండి ఈ గాలినే పీల్చియుందురు గదా యని కొంతసేపు వచ్చిన పని మఱచితిమి.

ఇంతలో మా చిన్నవాడు ఫోను చూపినచోట గోడలోని యిటుకను పెకలింపబోయెను. "ముట్టకురా!" యని కేకవేసితిమి. విచారింపగా డబ్బా నిజముగా నా సందుననే యున్నది! పాత కట్టడములకు చేటు చేయరాదనుట ఆ యాట నియమములలోనిదే యని మాకు చెప్పినవాడే అచ్చట దాచినాడు. అంత దూరము వచ్చిన బిడ్డపై కోపగింపవలసివచ్చెనే యని మాకును కష్టముగనే యుండెను. అతడు మాఱుమాటాడక, రెండిటుకలను పూర్వస్థానమున సర్ది, డబ్బాను చంకబెట్టుకొని దిగెను. దారిలో నెవ్వరును మాటాడలేదు.

మఱునాడు మా అమ్మాయి దానిని మా పెరటిలోనే దాచి అంకెలు వ్రాసి యిచ్చినది. అక్షాంశమున దశాంశబిందువు తరువాతి మూడవ యంకె యొకటి తప్పినచో నూటపది మీటర్లు తేడా వచ్చును. పిల్ల సరిగా నదే తప్పినది. మేనల్లునితో సహా మేమందఱము పొరుగువారి గడ్డివామును కలియవెదకి, వారిచేత మాటలు పడి వచ్చునప్పటికి, మా అత్తగారు కరివేపాకునకై పెరటిలోనికి పోయి, చెట్టు మొదట డబ్బాను చూచి తెఱచి కూర్చుండియున్నారు. పుస్తకమున తొలి పేరు వారిదే.