పునరావాసం అనే మాట

పునరావాసం అనే మాట వింటే మా గోదావరి పక్క కోయ ఊళ్లలో పోలవరం ముంపే గుర్తొస్తుంది. ఊరు, పోడు, వేల్పు వదిలి పొమ్మనడమే పునరావాసం అని మా పిల్లల మనసులో పడిపోయింది. ఇదే మాట రక్షణ శాఖలోనూ ఉందని, అక్కడ దాని అర్థం వేరని నా దగ్గర చదివిన ఒక అబ్బాయి వల్ల తెలిసింది.

ఐదో తరగతి దాకా అతను మా బడిలోనే చదివాడు. డిగ్రీ అయ్యాక షార్ట్ సర్వీస్ కమిషన్ మీద వైమానిక దళంలో చేరాడు. దుండిగల్‌లో శిక్షణ పొంది, ఇప్పుడు ఏఎన్-32 రవాణా విమానం నడుపుతున్నాడు. ఆ కమిషన్ గడువు 14 ఏళ్లు. ఆఫీసర్లకు పింఛను రావాలంటే 20 ఏళ్ల సర్వీసు కావాలి. అంటే నలభై నిండకముందే పింఛను లేకుండా బయటికి రావాలి. ఊళ్లో మాత్రం "వాడికేం, ఏ విమానాల కంపెనీ అయినా పిలిచి ఉద్యోగమిస్తుంది" అంటారు.

అలా ఇవ్వరు. సైన్యంలో ఎంత నడిపినా, ప్రయాణికుల విమానం నడపాలంటే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉండాలి. కెప్టెన్‌కు కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకు 1500 గంటల అనుభవం ఉండాలి. పరీక్షల్లో నూటికి 70 మార్కులు రావాలి. క్లాస్-1 వైద్య పరీక్ష నెగ్గాలి. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానానికి విడిగా టైప్ రేటింగ్ శిక్షణ ఉంటుంది, దానికి లక్షల్లో ఖర్చు.

పోయిన వేసవిలో సెలవుకు వచ్చి పగలంతా పుస్తకాల ముందే కూర్చున్నాడు. "ఇంత పెద్ద ఉద్యోగం చేస్తూ ఇంకా పరీక్షలేంటి సార్?" అని వాళ్లమ్మ నన్నడిగింది. నేను అతన్ని అడిగితే కోయలోనే చెప్పాడు: "విమానం నడపడం వచ్చు సార్. పౌర విమానాల నిబంధనలు కొత్తగా నేర్చుకోవాలి. బయటికొచ్చాక మొదలుపెడితే జీతం లేని నెలలు ఇల్లెలా గడుస్తుంది? జీతం వస్తుండగానే చదవాలి."

రక్షణ శాఖలో పునరావాసానికి ఒక డైరెక్టరేటే ఉంది. సర్వీసు చివరి కాలంలోనే కొత్త పనికి కోర్సులు ఇప్పిస్తుంది. అక్కడ పునరావాసం మనిషి కదలకముందే మొదలవుతుంది. అతని లాగ్‌బుక్ కూడా చూశాను. శిక్షణ మొదటి రోజు నుంచి నడిపిన ప్రతి గంటా అందులో ఉంది. ఆ 1500 గంటలకు రుజువు అదే.

అప్పటి నుంచి మా బడి గురించే ఆలోచిస్తున్నాను. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, ఆరో తరగతికి ఆశ్రమ పాఠశాలకు వెళ్లగానే ఇంగ్లీషు. ముందు చెప్పేవాళ్లు లేరు. పిల్లాడు వెనకబడితే తెలివి తక్కువంటారు. తక్కువైంది సిద్ధపడే సమయం. అందుకే ఈ ఏడు ఐదో తరగతికి చివరి రెండు నెలలు ఆరో తరగతి ఇంగ్లీషు మాటలు కోయలో అర్థం చెబుతూ నేర్పించాను. తోటి ఉపాధ్యాయులూ ప్రయత్నించి చూడండి.

యువతకు ఒక మాట. వైమానిక దళంలో పైలట్ కావాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి ఉండాలి. డిగ్రీ అయ్యాక తెలిస్తే ఆలస్యమైపోతుంది. పదో తరగతిలోనే తెలుసుకోండి.